వాలంటీరు పని వెట్టి కాకూడదు: పశ్చిమ ప్రకాశం కాలనీలు చెప్పే పాఠం

మన ఊళ్లలో 'కాలనీ' అనే మాటకు అర్థం ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పట్నంలో కాలనీ అంటే ఉద్యోగస్తులు ఇళ్లు కట్టుకున్న చోటు. ఊళ్లో కాలనీ అంటే మాల మాదిగల ఇళ్లు. 'ఎవరాయన?' అని అడిగితే 'కాలనీ ఆయన' అంటారు. కులం పేరు ఎత్తకుండానే కులం చెప్పేసినట్టు. మాలపల్లె, మాదిగపల్లె అనే పాత పేర్ల మీద ప్రభుత్వం సున్నం కొట్టి కొత్త పేరు రాసింది గాని, ఊరికీ దానికీ మధ్య ఉన్న దూరాన్ని మాత్రం అట్లాగే ఉంచింది.

ఈ కాలనీల్లో ఇళ్లు ఎట్లా వచ్చాయి, ఎందుకు సగంలో ఆగాయి అనేది ఒక ప్రశ్న. ఇల్లంటూ ఒకటి వచ్చాక అందులో బతకటానికి కావలసిన నీళ్లు, కరెంటు, పింఛను, రేషను, బడి ఒక్కొక్కటే సన్నగిల్లుతుంటే అక్కడి జనాన్ని ఎవరు మోస్తున్నారు అనేది రెండో ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు మనకందరికీ తెలుసు. కాలనీ పిల్లలే మోస్తున్నారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడు, పొదుపు సంఘంలో లెక్కలు రాసే ఆడపడుచు, అంబేద్కర్ యువజన సంఘం పేరుతో నలుగురైదుగురు, చర్చి పెద్ద. అర్జీ రాసేది వాళ్లే. ముసలమ్మను బండి మీద ఎక్కించుకుని మండలానికి తీసుకెళ్లేదీ వాళ్లే. ఈ పని లేకపోతే కాలనీ బతకదు. కాని ఈ పని ఎట్లా చేస్తున్నామో, ఎవరి బాధ్యతను మనం నెత్తిన పెట్టుకుంటున్నామో ఆలోచించకపోతే మన తాతలు వదిలించుకున్న వెట్టిని కొత్త పేరుతో మనమే తెచ్చుకున్నవాళ్లం అవుతాం. ఈ వ్యాసంలో మేము చెప్పదలచింది ఇదే.

కొసన ఉన్న నేల

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఒక కొసన ఉండేవి. 1970 ఫిబ్రవరిలో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు కేంద్రంగా ఉన్న జిల్లాకు ఇంకో కొస అయ్యాయి. జిల్లా మారింది గాని కొసన ఉండటం మారలేదు. గిద్దలూరు అవతల కొమరోలు నుంచో, నల్లమల అంచున అర్ధవీడు నుంచో ఒక కూలి మనిషి ఒంగోలు కలెక్టరాఫీసుకు పోయి అర్జీ ఇచ్చి రావాలంటే ఒక రోజు కూలి పోయేది, బస్సు చార్జీలు పైన. మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలన్న ఆందోళన ఏళ్ల తరబడి సాగి, 2025 చివర్లో ప్రభుత్వం అందుకు నిర్ణయం తీసుకుంది. ఆఫీసు దగ్గరికి రావటం మంచిదే. అయితే దూరం కిలోమీటర్లలోనే ఉండదని కాలనీ మనిషికి తెలుసు.

ఇది మెట్ట నేల. నీళ్లలో ఫ్లోరైడు. కనిగిరి, మార్కాపురం ప్రాంతాల్లో పళ్లు గారపట్టి, మోకాళ్లు వంగిపోయిన మనుషులు ఒక తరం కాదు, చాలా తరాలుగా ఉన్నారు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగితే, సొరంగాల ప్రారంభోత్సవం 2024 మార్చిలో జరిగింది. మధ్యలో 28 ఏళ్లు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లకు పిల్లలు పుట్టారు. తాగునీటి కోసం 2025 జులైలో మార్కాపురం దగ్గర నరసింహాపురంలో 1,290 కోట్ల రూపాయల పథకానికి మళ్లీ ఇంకో శంకుస్థాపన జరిగింది. ఇట్లా శిలాఫలకాలకు ఇక్కడ కరువు రాలేదు.

మార్కాపురం పేరు చెబితే పాత తరానికి పలకలు గుర్తుకొస్తాయి. దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దిన ఆ పలకల్ని గనిలో తవ్వి, కోసి, చెక్కలు బిగించినవాళ్లలో దళితులు, ముస్లింలు, వెనకబడిన కులాల పేదలు ఉన్నారు. పలకల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి రోగమైంది. నోటు పుస్తకాలు వచ్చాక పలకల పని పడిపోయింది. మిగిలింది వలస. మిరపకోతలకు గుంటూరు, బేల్దారి పనికి హైదరాబాదు, బెంగుళూరు. కాలనీలో సగం ఇళ్లకు సంవత్సరంలో కొన్ని నెలలు తాళాలే. ముసలివాళ్లు, బడి పిల్లలు మిగులుతారు. కాలనీలో సాయం అనేది ఎందుకంత అవసరమో ఈ సంగతి గుర్తు పెట్టుకుంటేనే అర్థమవుతుంది.

ఇల్లు ఎక్కడ ఆగుతుంది

పేదల ఇళ్ల పథకాలు మనకు కొత్త కాదు. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. కేంద్రం 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది. 2006లో ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారింది, గోడ మీద రంగు మారింది. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా ఇంటి పట్టాలు ఆడవాళ్ల పేరున ఇచ్చారు. పట్టా ఆడమనిషి పేరున ఉండటం మంచి మార్పు. ఇది ఒప్పుకోవాల్సిందే.

కాని లెక్క చూద్దాం. పట్నంలో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. ఒక సెంటు అంటే 435 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. మిగిలిన 95 అడుగుల్లోనే మరుగుదొడ్డి, మెట్లు, బట్టలు ఉతుక్కునే బండ. గొడ్డూ మేకా ఉన్న కూలి కుటుంబం వాటిని ఎక్కడ కట్టెయ్యాలి? ఈ ప్రశ్నకు ప్లానులో చోటు లేదు.

ఇక డబ్బు. ఇంటికి 1 లక్షా 80 వేలు. ఇందులో 1 లక్షా 50 వేలు కేంద్రం వాటా, 30 వేలు ఉపాధి హామీ పని కింద. పొదుపు సంఘం ద్వారా 35 వేల అప్పు. ఈ డబ్బు ఒకేసారి చేతికి రాదు. పునాది లేస్తే ఒక బిల్లు, గోడలు లేస్తే ఒక బిల్లు, స్లాబు పోస్తే ఒక బిల్లు. అంటే ముందు మన డబ్బు పెట్టాలి, ఫొటో తీయించాలి, ఆ తర్వాత బిల్లు పడాలి. చేతిలో డబ్బున్నవాడికి ఇది పద్ధతి. లేనివాడికి ఇదే అడ్డుగోడ. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పునాది వేసినవాడు బిల్లు ఆలస్యమైతే గోడ లేపలేడు. గోడ లేవకపోతే తర్వాతి బిల్లు రాదు. ఈలోగా వలస. తిరిగొచ్చేసరికి సిమెంటు ధర పెరిగి ఉంటుంది. లేఅవుట్లలో మొండిగోడల మధ్య తుమ్మ చెట్లు మొలవటానికి కారణం లబ్ధిదారుడి సోమరితనం కాదు, ఈ బిల్లుల పద్ధతి. ఇచ్చిన డబ్బు చాలదని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2025 మార్చిలో అసంపూర్తి ఇళ్లకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, చెంచుల వంటి ఆదిమ తెగలకు లక్ష రూపాయలు అదనంగా ప్రకటించింది. చాలని డబ్బుతో ఇన్నాళ్లు నెట్టుకొచ్చి అప్పులపాలైన వాళ్ల వడ్డీ ఎవరు కట్టాలి? దానికి జవాబు లేదు.

ఈ సందర్భంలో చదువుకున్నవాళ్లు తప్పక తెలుసుకోవలసిన కేసు ఒకటుంది. ఉత్తరప్రదేశ్‌లో దళితులకు ఇళ్లు కట్టించటానికి ప్రభుత్వం భూమి సేకరిస్తే, భూమి గలవాళ్లు కోర్టుకెక్కారు. చమేలీసింగ్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో భూసేకరణను సమర్థించింది. అంతటితో ఆగలేదు. నివాస హక్కు జీవించే హక్కులో భాగమనీ, నివాసం అంటే నెత్తిన కప్పు మాత్రమే కాదనీ, చాలినంత చోటు, గాలి వెలుతురు, మంచినీళ్లు, కరెంటు, పారిశుద్ధ్యం, రోడ్డు అన్నీ అందులో భాగమేననీ చెప్పింది. అంటే కాలనీకి ట్యాంకరు రాకపోవటం దయ తగ్గటం కాదు, హక్కు దెబ్బతినటం. ఈ తేడాను మనసులో పెట్టుకుని ముందుకు పోదాం.

కోత అని ఎవరూ చెప్పరు

సంక్షేమంలో కోత పెడుతున్నామని ఏ ప్రభుత్వమూ బోర్డు కట్టదు. 1990ల్లో మాత్రం అది కొంత బాహాటంగా జరిగింది. 1983లో కిలో రెండు రూపాయలకు మొదలైన బియ్యం 1996లో మూడున్నర అయింది. 1998లో ప్రపంచ బ్యాంకు రాష్ట్ర ఆర్థిక పునర్నిర్మాణానికి అప్పిచ్చింది. ఖర్చు తగ్గించుకోవటం, వాడుకునేవాడి దగ్గర చార్జీ వసూలు చేయటం అప్పటి మంత్రం. 2000లో కరెంటు చార్జీలు పెంచితే జనం రోడ్డెక్కారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి.

ఇప్పటి కోత అట్లా కనపడదు. అది మూడు రూపాల్లో వస్తుంది. ఒకటి, ఆలస్యం. పథకం ఉంటుంది, బిల్లు రాదు. రెండు, కాగితం. ఎస్సీ ఎస్టీ ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు అని 2019లో పెంచారు. కాని మీటరు చనిపోయిన తాత పేరున ఉండి, కుల ధ్రువీకరణ పత్రం సర్వీసు నంబరుకు జతపడకపోతే బిల్లు మామూలుగానే వస్తుంది. వేలిముద్ర పడక, ఆధార్‌లో పేరు కలవక ఆగిన పింఛన్లు, రేషన్లు, కూలి డబ్బులు ఇదే కోవ. మూడు, మనిషిని తీసెయ్యటం. సేవ రద్దు కాదు, ఆ సేవను ఇంటిదాకా తెచ్చే మనిషి మాయమవుతాడు.

ఉపాధి హామీనే చూడండి. 2005 చట్టం పనిని హక్కుగా ఒప్పుకుంది. తర్వాత ఫోనులో హాజరు, ఆధార్‌తో ముడిపెట్టిన చెల్లింపు ఒక్కొక్కటే వచ్చాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. రోజులు 125 అన్నారు. ఖర్చులో రాష్ట్రాల వాటాను మాత్రం 40 శాతానికి పెంచారు. అప్పులతో నడిచే రాష్ట్రం ఆ వాటా ఇవ్వలేకపోతే కోత పడేది ఎవరి పని మీదనో వేరే చెప్పాలా?

వాలంటీరు అనే మాట

ఇక్కడే 'వాలంటీరు' అనే మాట చరిత్ర చూడాలి. మన రాష్ట్రంలో ప్రభుత్వమే ఈ మాటను రెండుసార్లు వాడింది.

మొదటిది 1997 జనవరిలో మొదలైన జన్మభూమి. శ్రమదానం దాని ముఖ్య నినాదాల్లో ఒకటి. పనికయ్యే ఖర్చులో కొంత భాగం ప్రజలు డబ్బుగానో, శ్రమగానో పెట్టుకోవాలి. డబ్బున్నవాడు డబ్బు రాసి ఇంట్లో కూర్చున్నాడు. లేనివాడు గడ్డపార పట్టాడు. శ్రమదానం అనే మాట వినసొంపుగా ఉంటుంది. కాని రోజూ శ్రమ అమ్ముకుంటేగాని పొయ్యి వెలగని మనిషి ఒక రోజు శ్రమను దానం చేశాడంటే ఆ పూట ఇంటిల్లిపాది కూడు దానం చేసినట్టే.

రెండోది 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5 వేల రూపాయల గౌరవ వేతనం. రెండున్నర లక్షలకు పైగా యువతీ యువకులు ఈ పని చేశారు. మంచం మీద ఉన్న మనిషికి ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను చేతికందింది. ఇది నిజం. వాళ్లు పాలక పార్టీ మనుషుల్లాగా మారారన్న విమర్శ వచ్చింది. అదీ ఊరికే వచ్చింది కాదు. ఈ రెంటి మధ్యా మరుగునపడ్డ సంగతి ఒకటుంది. 2021 ఫిబ్రవరిలో వాలంటీర్లు జీతం పెంచమని రోడ్డెక్కితే, ఇది ఉద్యోగం కాదు, సేవ అని ముఖ్యమంత్రి లేఖ రాశారు. రోజుకు సుమారు 166 రూపాయలకు చేసే పనికి సేవ అని పేరు. 2024 ఎన్నికల్లో అవతలి పక్షం 10 వేలు చేస్తామని హామీ ఇచ్చింది. గెలిచాక, అసలు 2023 ఆగస్టు తర్వాత వాళ్ల కాలపరిమితే పొడిగించలేదు కాబట్టి వాళ్లు లేనట్టేనని చెప్పింది. ఉద్యోగమైతే నోటీసు ఇవ్వాలి, కారణం చెప్పాలి. సేవకు ఏ నోటీసూ అక్కర్లేదు.

ఈ మార్పు దెబ్బ తగిలింది ముసలివాళ్లకు. ఎన్నికల సంఘం ఆదేశంతో 2024 మార్చి చివర్లో వాలంటీర్లను పింఛన్ల పంపిణీ నుంచి తప్పించారు. ఏప్రిల్‌లో సచివాలయాల దగ్గర, మే నెలలో బ్యాంకుల దగ్గర, ఆ ఎండల్లో ముసలివాళ్లు, వికలాంగులు వరసలు కట్టారు. జులై నుంచి సచివాలయ ఉద్యోగులు ఇళ్లకొచ్చి ఇస్తున్నారు, పింఛను కూడా 4 వేలైంది. అంటే చేయగలిగిన పనే. ఆ రెండు నెలలు మాత్రం ఎవరి బాధ్యత అని ఎవరూ ఒప్పుకోలేదు. ఆ ఖాళీని పూడ్చింది ఇంటి మనుషులు, పక్కింటివాళ్లు, కాలనీ కుర్రాళ్లు. వాళ్లకు గౌరవమూ లేదు, వేతనమూ లేదు.

సేవకూ వెట్టికీ మధ్య

దళితులకు జీతం లేని పని అంటే కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో గ్రామ నౌకర్లలో 'వెట్టి' అనే పేరుతోనే ఒక కొలువు ఉండేది. కబురు మోయటం, చచ్చిన గొడ్డును ఈడ్వటం, డప్పు వేయటం, దొరలొస్తే మూటలెత్తటం. దానికి 'ఆచారం' అని పేరు పెట్టారు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కాబట్టి దళితుడి చేత ఉచితంగా పని చేయించుకునే ప్రతి ఏర్పాటునూ, దాని పేరు ఎంత అందంగా ఉన్నా, అనుమానంతో చూసే హక్కు మనకుంది. పేరు శ్రమదానం కావచ్చు, సేవ కావచ్చు, భాగస్వామ్యం కావచ్చు.

అయితే ఉచితంగా చేసే పనంతా వెట్టి కాదు. మన జిల్లా చరిత్రలోనే వేరే దారులు కనపడతాయి. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన జనానికి పని చూపించాడు. పనిమీద అజమాయిషీకి మాదిగ బోధకులనే పెట్టాడు. ఆయన మత ప్రచారం సంగతి వేరు. మనం గమనించాల్సింది, ఆ సాయం గంజి రూపంలో కాక కూలి రూపంలో వచ్చిందని, సాయాన్ని నడిపింది ఆ జనంలోని మనుషులేనని.

ఇంకోటి కారంచేడు. 1985 జులై 17 హత్యాకాండ తర్వాత మాదిగలు ఊరొదిలి చీరాల చేరారు. ఆ రోజుల్లో అది కూడా ప్రకాశం జిల్లానే. ఆ శిబిరంలో పనిచేసినవాళ్లు ఎవరి దగ్గరా జీతం తీసుకోలేదు. కాని ఆ శిబిరం తలదాచుకునే చోటుగా మిగిలిపోలేదు. తిరిగి ఆ ఊరికి పోమని చెప్పిన చోటు అయింది. దళిత మహాసభ పుట్టిన చోటు అయింది. చివరికి ప్రభుత్వం చీరాలలో విజయనగర్ కాలనీ కట్టించాల్సి వచ్చింది. ఊరి చివర ఎక్కడ ఉండాలో ప్రభుత్వం చెప్పిన కాలనీలు ఎన్నో ఉన్నాయి. ఎక్కడ ఉంటామో జనం చెబితే కట్టిన కాలనీ అది.

ఇదే పాఠం దూరదేశంలో కూడా ఉంది. 1969లో అమెరికాలో ఓక్లండ్ నల్లజాతి యువకులు, బ్లాక్ పాంథర్లు, బడి పిల్లలకు పొద్దున్నే ఉచితంగా టిఫిన్ పెట్టటం మొదలుపెట్టారు. మన దళిత పాంథర్లు 1972లో బొంబాయిలో పేరు తీసుకున్నది వాళ్ల దగ్గరే. పిల్లలకు తిండి పెడుతూనే, ఇంత సంపన్న దేశంలో పిల్లవాడు ఆకలితో బడికి ఎందుకు పోవాలి అని వాళ్లు ప్రభుత్వాన్ని నిలదీశారు. 1975లో అక్కడి ప్రభుత్వం బడిలో ఉదయపు తిండి పథకాన్ని శాశ్వతం చేసింది. అది ఒక్క పాంథర్ల వల్లే అనలేం గాని, ఆ ప్రశ్నను వీధిలోకి తెచ్చినవాళ్లలో వాళ్లున్నారు. దీనికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ బ్రిటన్. 2010లో వచ్చిన ప్రభుత్వం 'పెద్ద సమాజం' అనే నినాదం ఇచ్చింది. ప్రజలే ముందుకొచ్చి సేవ చేసుకోవాలన్నది. అదే చేత్తో స్థానిక సంస్థల నిధులు కోసింది. ఒకచోట సేవ చేసినవాళ్లు ప్రభుత్వాన్ని నిలదీశారు. ఇంకోచోట సేవ పేరు చెప్పి ప్రభుత్వం తప్పుకుంది. మన కాలనీ కుర్రాడు రోజూ ఈ రెంటి మధ్యే నిలబడి ఉన్నాడు.

కాలనీలో పని ఎట్లా ఉండాలి

ఈ తేడా నినాదంతో రాదు, రోజూ చేసే చిన్న పనిలో వస్తుంది. కార్యకర్తలకు, విద్యార్థులకు, కాలనీ పిల్లలకు చదువు చెప్పే టీచర్లకు మా సూచనలు ఇవి.

మొదటిది, నోటు పుస్తకం. ఇంటింటికీ ఒక పేజీ. పట్టా ఎవరి పేరున ఉంది, ఇల్లు ఏ దశలో ఆగింది, ఆఖరి బిల్లు ఎప్పుడు పడింది, ఎంత రావాలి, అప్పు ఎంత. కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది. ట్యాంకరు ఏ రోజున వచ్చింది, ఏ రోజున రాలేదు. 'మా కాలనీకి నీళ్లు రావట్లేదు సార్' అంటే ఆఫీసులో నవ్వుతారు. 'ఈ నెలలో పదకొండు రోజులు రాలేదు, ఇవిగో తారీఖులు' అంటే నవ్వలేరు. చదువుకున్న పిల్లలు చేయగలిగిన అన్నిటికన్నా పెద్ద సేవ ఇదే.

రెండోది, రసీదు. నోటిమాటగా చెప్పిన కష్టం గాలిలో కలుస్తుంది. సోమవారం అర్జీల రోజున ఇచ్చిన కాగితానికి నంబరు తీసుకోవాలి. కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 'మా లేఅవుట్‌లో ఎన్ని బిల్లులు ఆగాయి, ఏ తారీఖు నుంచి, ఏ కారణంతో' అనే ఒక్క ప్రశ్న చాలు. ఒకరి పేరున కాకుండా నలుగురి పేర్లతో వేరువేరుగా వేస్తే ఒక్కరి మీద ఒత్తిడి రాదు.

మూడోది, మనం చేయకూడని పని ఏదో తెలుసుకోవటం. జ్వరంతో ఉన్న పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లటం మన పని. రోడ్డు పోయటం, కాలువ తీయటం, పైపు వేయటం మన పని కాదు. వాటికి బడ్జెట్ ఉంది. 2013లో చేసిన ఉపప్రణాళిక చట్టం ఎస్సీల జనాభా నిష్పత్తిలో నిధులు వేరుగా పెట్టి వాళ్లకే ఖర్చు పెట్టాలంటుంది. పదేళ్ల గడువు అయిపోతే 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆ డబ్బు మన కాలనీకి ఎంత వచ్చిందని అడగకుండా మనమే చందాలేసుకుని గుంటలు పూడిస్తే, ఆ గుంట పూడినట్టు ఎక్కడో ఒక ఫైలులో రాసుకుంటారు. తప్పనిసరై చేయాల్సి వస్తే, ఎన్ని రోజులు ఎంతమంది చేశారో లెక్కగట్టి, ఆ కూలి మాకు రావాలని కాగితం పెట్టాలి. కూలి రాకపోవచ్చు. కాని మనం ఉచితంగా చేయలేదన్న సంగతి రికార్డులో ఉంటుంది.

నాలుగోది, పైరవీకారు కాకుండా ఉండటం. ఇది చెప్పటం కష్టంగా ఉన్నా చెప్పాలి. అర్జీ రాసే కుర్రాడికి ఆఫీసులో నాలుగు ముఖాలు తెలుస్తాయి. రెండేళ్లకు 'ఫలానావాడితో చెప్పిస్తే బిల్లు పడుద్ది' అనే పేరు వస్తుంది. ఇంకో ఏడాదికి దానికి రేటు వస్తుంది. ఊళ్లో పెత్తందారు చేసిన పనే కాలనీలో మనవాడు చేస్తాడు. దీనికి మందు ఒకటే. ఒక్కడే పోకూడదు. బాధితురాలు తప్పకుండా వెంట ఉండాలి, ఆమె నోటితోనే ఆమె సంగతి చెప్పాలి. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, ఫోనుకొచ్చే ఓటీపీ ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. నోటు పుస్తకం నెలకోసారి అందరి ముందూ చదవాలి.

ఐదోది, మోసే భుజాల సంగతి. కాలనీలో సాయం అనగానే మగపిల్లల పేర్లు చెబుతాం, ఫొటోలో నిలబడేదీ వాళ్లే. నీళ్ల వరస కాసేది, బాలింతను చూసుకునేది, వలసపోయినవాళ్ల పిల్లలకు అన్నం పెట్టేది ఆడవాళ్లు. కూలికి పోయొచ్చి చేస్తారు. దాన్ని పని అని కూడా అనం. వాలంటీర్ల లెక్కలో ముందు వాళ్ల గంటలు రాయాలి. బండి పెట్రోలుకు, జిరాక్సుకు ఇంటికి పది రూపాయల నిధి పెట్టుకోవటం నామోషీ కాదు. జేబులో డబ్బు లేని పిల్లవాడు ఎన్నాళ్లు చేయగలడు? ఏడాదికోసారి మనుషులు మారాలి, కొత్తవాళ్లు నేర్చుకోవాలి.

ఆరోది, మన పుస్తకంలో ఎవరి పేజీ లేదో చూసుకోవటం. మాల కుర్రాళ్లు రాసిన పుస్తకంలో మాదిగ వీధి చివరికొస్తుంది. మాదిగ కుర్రాళ్లు రాసిన దాంట్లో చెరువుగట్టున గుడిసెలో ఉన్న యానాది కుటుంబం ఉండనే ఉండదు. ఎర్రగొండపాలెం, దోర్నాల అడవి అంచు చెంచు గూడేలకు ఏ సచివాలయమూ దగ్గర కాదు. కొత్త లేఅవుట్లలో దూదేకుల ఆమె, చాకలాయన, ముస్లిం పలకల కార్మికుడు పక్కపక్కనే ఉన్నారు. ఊరు మనల్ని లెక్కలోంచి తీసేసినట్టు మనం ఇంకొకర్ని తీసేస్తే మనకూ ఊరికీ తేడా ఏముంది?

చివరి మాట

'మీరు లేకపోతే మాకెవరున్నారయ్యా' అని కాలనీ ముసలమ్మ అంటుంది. వినటానికి ఆ మాట తీపిగానే ఉంటుంది. కాని ఆమె అట్లా అనవలసి రావటమే మన ఓటమి. పింఛను ఆమె హక్కు. నీళ్లు ఆమె హక్కు. సగంలో ఆగిన గోడకు రావాల్సిన బిల్లు ఆమెకు ప్రభుత్వం పడ్డ బాకీ. ఆ బాకీని మనం మన భుజాలతో తీరుస్తూ పోతే బాకీదారు హాయిగా నిద్రపోతాడు.

కాబట్టి సాయం ఆపమని మేము అనటం లేదు. ఆపితే చచ్చేది మనవాళ్లే. చేసిన ప్రతి సాయాన్నీ బాకీ పుస్తకంలో ప్రభుత్వం పేరు మీద రాయమంటున్నాం. ట్యాంకరు రాని రోజు బిందె మోసిన ఆడమనిషి, మొండిగోడ ముందు నిలబడ్డ కూలి, బండి మీద ముసలమ్మను కూర్చోబెట్టుకుని మండలానికి పోయిన కుర్రాడు, వీళ్లందరి పేర్లూ తారీఖులూ ఉన్న ఆ పుస్తకాన్ని ఒక సోమవారం నలభైమంది కలిసి ఆఫీసు బల్ల మీద పెట్టిన రోజున, కాలనీ ఊరి చివర ఉన్నా కాలనీ ప్రశ్న మాత్రం ఊరి నడిమధ్యకు వస్తుంది.